ఏ చెయ్యీ ఒంటరిగా కదలదు

మా ఇల్లు అల్వాల్‌లో. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కితే హకీంపేట వైపు నుంచి చేతక్ హెలికాప్టర్లు లేచే చప్పుడు వినిపిస్తుంది. వాయుసేన హెలికాప్టర్ పైలట్లు అక్షరాభ్యాసం చేసేది అక్కడే. పాతికేళ్ళు ఆ చప్పుడులోనే బతికాను, కొంతకాలం నడుపుతూ, కొంతకాలం నేర్పుతూ. మొన్న మా పెద్దన్నయ్య మనవరాలు ఫోన్ చేసింది. "చిన్నతాతా, నాకు ఫైటర్లు రాలేదు. హెలికాప్టర్లు ఇచ్చారు" అంది. గొంతులో దిగులు దాగలేదు. నేను ఓదార్చలేదు. ఆ రాత్రి పాత నోటుపుస్తకాలు దించి, తన కోసం ఇవి రాయడం మొదలుపెట్టాను. తనలాంటి పిల్లలు ఇంకా ఉంటారు కాబట్టి అందరి ముందూ పెడుతున్నాను. సూత్రాలు పుస్తకాల్లో ఉంటాయి తల్లీ. ఆ సూత్రం చేతికి ఎలా తగులుతుందో మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

1. మూడు నేర్చుకోకు, ఒకటే నేర్చుకో

ఎడమ చేతి పక్కన, సీటు అంచు నుంచి వచ్చే మీట కలెక్టివ్. దాన్ని ఎత్తితే రోటర్ రెక్కలన్నిటి కోణం ఒకేసారి, ఒకే మోతాదులో పెరుగుతుంది, హెలికాప్టర్ లేస్తుంది. దించితే దిగుతుంది. కుడి చేతిలో, మోకాళ్ళ మధ్య నిలబడి ఉండే కర్ర సైక్లిక్. అది రెక్కల కోణాన్ని చుట్టులో ఒక చోట పెంచి, దాని ఎదుటి చోట తగ్గించి, తిరిగే రెక్కల పళ్ళెం మొత్తాన్ని ఒక పక్కకు వంచుతుంది. పళ్ళెం ఎటు వంగితే అటు వెళతావు. కాళ్ళ కింద పెడల్స్. అవి తోక రోటర్ రెక్కల కోణం మార్చి ముక్కును కుడికీ ఎడమకీ తిప్పుతాయి. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు వేస్తారు. కాక్‌పిట్‌లో ఇది సగం కూడా కాదు.

ఏం జరుగుతుందో చూడు. చేతక్‌లో కలెక్టివ్ కాస్త ఎత్తావు. రెక్కల కోణం పెరిగింది, వాటిని గాలి అడ్డుకోవడమూ పెరిగింది. వేగం పడిపోకుండా ఇంజన్ ఇంకాస్త ఇంధనం పోసుకుని గట్టిగా తిప్పుతుంది. చేతక్ రోటర్ పై నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. దాన్ని అటు తిప్పుతున్నంత బలంతో హెలికాప్టర్ ఒళ్ళు ఇటు తిరగబోతుంది. ముక్కు ఎడమకు జారుతుంది. కుడి పెడల్ తొక్కి ఆపుతావు. తోక రోటర్ మరింత బలంగా తోసేసరికి ముక్కు నిలిచింది గానీ, ఆ తోపుకి హెలికాప్టర్ మొత్తం ఎడమకు కొట్టుకుపోవడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి సైక్లిక్ కుడికి వంచుతావు. పళ్ళెం పక్కకు వంగింది కాబట్టి నిన్ను పైకి మోసే బలం కొంచెం తగ్గింది. కిందకు దిగుతావు. మళ్ళీ కలెక్టివ్ ఎత్తాలి. అంటే మళ్ళీ మొదటికే వచ్చాం.

నేను నేర్పేటప్పుడు మొదట పెడల్స్ ఒక్కటే ఇచ్చేవాణ్ణి, మిగతావి నా చేతుల్లో ఉంచుకుని. తరవాత కలెక్టివ్. ఆఖరున సైక్లిక్. విడివిడిగా అందరూ చక్కగా చేసేవాళ్ళు. మూడూ కలిపి చేతిలో పెట్టిన రోజు హెలికాప్టర్ మైదానమంతా తిరిగేది. నాకూ అలాగే అయింది. వారం పది రోజుల తరవాత ఒక పొద్దున ఏదో కుదురుతుంది. ఏం మారిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. నాకు తెలిసిందల్లా ఇంతే: ఎడమ చెయ్యి కదలబోతుండగానే కుడి కాలికి కబురు అందుతుంది. ఆ కబురు అందేదాకా నువ్వు మూడు పరికరాలు నడుపుతున్నావు. అందిన తరవాత ఒక్కటే నడుపుతావు.

2. బొంగరం చెప్పినట్టు వినాలి

చిన్నప్పుడు తిరుగుతున్న బొంగరాన్ని వేలితో పక్కకు నెట్టి ఉంటావు. నువ్వు నెట్టిన వైపు వంగదు, దానికి అడ్డంగా వంగుతుంది. రోటర్ కూడా అంతే. రెక్క ఒక చోట ఎక్కువ కోణం పట్టినా, ఎత్తైన చోటికి చేరేది దాదాపు పావు చుట్టు తరవాత. అందుకని ముందుకు వెళ్ళడానికి పళ్ళెం ముందువైపు దిగాలంటే రెక్క ఎడమ పక్క ఉన్నప్పుడే కోణం తగ్గించి, కుడి పక్క పెంచాలి. ఈ లెక్కంతా రోటర్ కింద ఉండే స్వాష్‌ప్లేట్, దానికి తగిలించిన కడ్డీలు చూసుకుంటాయి. నువ్వు కర్ర ముందుకు నెడితే ముందుకే వెళతావు. మరి ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఉదయం హ్యాంగర్‌లో ఆ కడ్డీలను వేళ్ళతో తడిమి చూసేటప్పుడు ఏది ఎందుకు ఉందో తెలిసి తడమాలి. తెలియని చేతికి వదులు దొరకదు.

3. కాళ్ళ వంక చూడకు

గాల్లో ఒక చోట నిలబడడాన్ని హోవర్ అంటాం. బయటివాళ్ళకి అది ఏ పనీ చెయ్యకుండా ఉన్నట్టు కనిపిస్తుంది. మొత్తం విద్యలో కష్టమైనది అదే. ఈగర్ సికార్‌స్కీ 1939 సెప్టెంబర్ 14న తన వీఎస్-300 హెలికాప్టర్‌ను మొదటిసారి నేల నుంచి లేపినప్పుడు తాళ్ళతో కట్టే లేపాడు.

హోవర్‌లో చేసే తప్పు ఒకటే. కర్ర కదిపావు, హెలికాప్టర్ వెంటనే పలకదు, క్షణం ఆలస్యంగా పలుకుతుంది. ఆ క్షణం ఓపిక పట్టక ఇంకొంచెం కదుపుతావు. రెండూ కలిసి ఒకేసారి పలికేసరికి భయపడి ఎదురు లాగుతావు. ఇక ఊగుడే. కర్రని కదపకు, ఒత్తు. ఒత్తి వెనక్కి రా. ముంజేతిని తొడ మీద ఆనించుకుని రెండు మూడు వేళ్ళతో పట్టుకో. పిడికిలి బిగిస్తే భుజందాకా బిగుస్తుంది.

చూపు దూరంగా ఉండాలి. నెత్తిన నీళ్ళ బిందె పెట్టుకుని నడిచే మా ఊరి ఆడవాళ్ళు కాళ్ళ వంక చూసేవాళ్ళు కాదు, దారి చివర చూసేవాళ్ళు. నాకు ఆ సంగతి 1977 నవంబర్‌లో దివిసీమ మీద తెలిసింది. ఉప్పెన వచ్చి వెళ్ళాక తిండి పొట్లాలు దించడానికి వెళ్ళాం. కింద చేలు లేవు, గట్లు లేవు, ఎటు చూసినా నీళ్ళే. హోవర్‌లోకి వచ్చేసరికి మా రోటర్ గాలికి నీటి మీద అలలు నాలుగు వైపులకూ పరుగెత్తాయి. నేను వాటి వంక చూశాను. మేం వెనక్కి పోతున్నామని అనిపించి కర్ర ముందుకు ఒత్తాను. నిజానికి మేం నిలబడే ఉన్నాం. పక్కనున్న పెద్దాయన కేక వేయలేదు. "తాడిచెట్టు చూడు" అన్నారు. దూరంగా మొవ్వు తెగిన తాడి ఒకటి నిలబడి ఉంది. దాని మీద చూపు పెట్టగానే చెయ్యి కుదుటపడింది. కింద ఒక గడ్డివామి మీద కూర్చున్నవాళ్ళు చేతులు చాపి ఉన్నారు. ఆ చెట్టు, ఆ చేతులు ఈరోజుకీ కళ్ళలో ఉన్నాయి.

4. రెండు పక్కలా గాలి ఒకటి కాదు

చేతక్ రోటర్ వెడల్పు 11 మీటర్లు. నిమిషానికి సుమారు 350 చుట్లు. లెక్క కట్టి చూడు: రెక్క కొన సెకనుకు 200 మీటర్ల చొప్పున, అంటే గంటకు 720 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఇప్పుడు హెలికాప్టర్ గంటకు 180 కిలోమీటర్లతో ముందుకు వెళుతోందనుకో. ఎడమ పక్క రెక్క మనతో పాటు ముందుకు వస్తోంది. దాని కొనకి తగిలే గాలి వేగం 900. కుడి పక్క రెక్క వెనక్కి పోతోంది, దానికి 540. రెక్క మోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒకే కోణంలో ఉంటే ఎడమ కొన కుడి కొన కంటే రెండున్నర రెట్లకు పైగా మోయాలి. అలా మోస్తే హెలికాప్టర్ కుడికి బోర్లాపడాలి.

హువాన్ డె లా సియెర్వా అనే స్పెయిన్ ఇంజనీరు కట్టిన, రోటర్‌తో ఎగిరే తొలి ఆటోజైరోలు సరిగ్గా అలాగే పక్కకు ఒరిగిపోయాయి. చిన్న నమూనా మాత్రం చక్కగా ఎగిరింది. దాని రెక్కలు పేము బద్దలతో చేసినవి, వంగేవి. పెద్దదాని రెక్కలు బిగుసుకున్నవి. తేడా అక్కడుందని పట్టుకుని రెక్క మొదట్లో కీలు పెట్టాడు. ముందుకొచ్చే రెక్క పైకి లేస్తుంది. లేస్తున్నప్పుడు గాలి దాన్ని పై నుంచి కలుస్తుంది కాబట్టి దాని కోణం చేసే పని తగ్గుతుంది. వెనక్కిపోయే రెక్క దిగుతుంది. దాని పని పెరుగుతుంది. రెండు పక్కలా బరువు సరిపోతుంది. 1923 జనవరిలో ఆ కీళ్ళతో ఆయన యంత్రం నిలకడగా ఎగిరింది. బిగించి గెలవబోయి ఓడినచోట వదులు చేసి గెలిచాడు. ఈ కథ చెప్పకుండా నేను ఏ బ్యాచ్‌నీ పంపలేదు.

కీలు కూడా కొంతవరకే కాపాడుతుంది. వేగం పెంచుకుంటూ పోతే వెనక్కిపోయే రెక్క తన వాటా మోయడానికి కోణం పెంచుకుంటూ, పెంచుకుంటూ చివరికి గాలిని పట్టలేక వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటాం. ముందు కర్రలో, కాక్‌పిట్ నేలలో ఒక మొరటు అదురు వస్తుంది. తరవాత ముక్కు పైకి లేచి కుడికి ఒరుగుతుంది. అదురు మొదలవగానే కలెక్టివ్ దించు, వేగం తగ్గించు. హెలికాప్టర్ విమానంలా ఎందుకు దూసుకుపోదని అడిగేవాళ్ళకి జవాబు ఆ వెనక్కిపోయే రెక్కే.

5. నేల ఇచ్చే అప్పు

నేలకు రోటర్ వెడల్పు కంటే తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు కిందకు తోసిన గాలి పోయే దారి లేక నెమ్మదిస్తుంది. అక్కడ తక్కువ శక్తితో నిలబడగలం. దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. నేను నేల ఇచ్చే అప్పు అనేవాణ్ణి. ఆ ఎత్తు దాటగానే తీర్చాలి. పొడుగ్గా పెరిగిన గడ్డి మీద, వాలు మీద, డాబాల అంచుల మీద ఆ అప్పు సరిగా పుట్టదు.

అప్పు తీర్చే దారి ముందుకు కదలడం. నిలబడి ఉన్నప్పుడు రోటర్ తాను కిందకు తోసిన గాలిలోనే పనిచేస్తుంటుంది, దిగుతున్న ఎస్కలేటర్ మీద పైకెక్కుతున్న మనిషిలాగా. ముందుకు కదిలితే కదలని కొత్త గాలి దొరుకుతుంది. 15 నుంచి 20 నాట్ల మధ్య ఒక చోట హెలికాప్టర్ ఒళ్ళు ఝల్లుమని, ముక్కు లేపి, ఎవరో కింద నుంచి ఎత్తినట్టు లేస్తుంది. ట్రాన్స్‌లేషనల్ లిఫ్ట్. నా లాగ్‌బుక్‌లో ఉన్న వేల టేకాఫ్‌లలో ఆ క్షణం ఒక్కసారి కూడా నాకు పాతబడలేదు.

6. ఎండని బరువుతో కలిపి లెక్కపెట్టు

హైదరాబాద్ పీఠభూమి సముద్రానికి సుమారు 2,000 అడుగుల పైన ఉంది. ఆ ఎత్తులో ప్రమాణం ప్రకారం ఉండాల్సిన వేడి 11 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 ఉంటుంది. ఒక్కో డిగ్రీ ఎక్కువకి 120 అడుగుల చొప్పున కలుపుకో: రెక్కకు సంబంధించినంతవరకు నువ్వు 5,700 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టే. రెక్కకి పట్టు తక్కువ, ఇంజన్‌కి ఊపిరి తక్కువ. పొద్దున ఏడింటికి సునాయాసంగా లేచిన అదే బరువు మధ్యాహ్నం రెండింటికి లేవకపోవచ్చు.

ఒక ఎండాకాలం ఒక జిల్లాలో, చుట్టూ కరెంటు తీగలున్న బడి మైదానం నుంచి లేవాలి. ఎక్కాల్సినవాళ్ళ కంటే ఒక మనిషి ఎక్కువ ఎక్కాడు, రెండు పెద్ద సంచులతో. వద్దనడానికి మొహమాటపడ్డాను. నేల అప్పు మీద బాగానే లేచింది. ముందుకు కదలబోయేసరికి రోటర్ వేగం చూపే ముల్లు మెల్లగా కిందకు జారడం కనిపించింది. కిందకు పోతుంటే ఎడమ చెయ్యి పైకి లాగమంటుంది. లాగితే రెక్కల మీద బరువు పెరిగి వేగం ఇంకా పడిపోతుంది. నేను కలెక్టివ్ దించి, ముందుకు పోకుండా ఉన్నచోటే కూర్చోబెట్టాను. గట్టిగానే తగిలింది. ఆ మనిషినీ సంచులనూ దింపి మళ్ళీ లేచాం. ఇంకో ఇరవై మీటర్లు ముందుకు వెళ్ళి ఉంటే కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. ఆ మొహమాటానికి నేను ఇప్పటికీ నన్ను క్షమించుకోలేదు.

సియాచిన్‌లో చీతా హెలికాప్టర్లు నడిపేవాళ్ళు దాదాపు 20,000 అడుగుల దగ్గర దిగుతారు. అక్కడ ఎక్కించే ప్రతి వస్తువుకీ కిలోల లెక్క ఉంటుంది. వాళ్ళు మనకంటే ధైర్యవంతులు మాత్రమే కాదు, మనకంటే శ్రద్ధగా లెక్క వేసేవాళ్ళు.

7. కాలికి పాత జ్ఞాపకం ఉంటుంది

చేతక్, చీతా, మీ-17 రోటర్లు గడియారం దిశలో తిరుగుతాయి. అమెరికా బెల్ హెలికాప్టర్లవి ఎదురు దిశలో. ఉద్యోగం ముగించాక ఒక ప్రైవేటు సంస్థలో బెల్ ఎక్కాను. తెలుసు, చదువుకున్నాను, నోటితో చెప్పుకున్నాను. అయినా కలెక్టివ్ ఎత్తగానే నా కుడి కాలు దానంతట అదే తొక్కింది. అప్పటికే కుడికి తిరగబోతున్న ముక్కు ఇంకా వేగంగా కుడికి తిరిగింది. కొత్త యంత్రం ఎక్కిన మొదటి నెల నీ కాలిని నమ్మకు.

8. ఊబిలో కాళ్ళు ఆడించకు

వేగం 30 నాట్ల కంటే తక్కువగా ఉండి, ఇంజన్ శక్తి వాడుతూనే నిమిషానికి 300 అడుగులు మించి నిట్టనిలువుగా దిగుతున్నావంటే జాగ్రత్త. నువ్వు కిందకు తోసిన గాలిలోకి నువ్వే దిగుతున్నావు. ఆ గాలి రెక్క కొనల చుట్టూ తిరిగి మళ్ళీ పై నుంచి వస్తుంది, పూసల దండలాగా గుండ్రంగా. దీన్నే వోర్టెక్స్ రింగ్ అంటారు. హెలికాప్టర్ వణుకుతుంది, కర్రకు సరిగా పలకదు, దిగే వేగం ఉన్నట్టుండి పెరుగుతుంది. ఇక్కడా ఎడమ చెయ్యి లాగమనే చెబుతుంది. లాగితే సుడికి ఇంకా బలం పోసినట్టే. కర్ర ముందుకు నెట్టి, కలెక్టివ్ తగ్గించి, ఆ సుడి నుంచి పక్కకు నడిచి బయటపడాలి. అందుకు కింద ఎత్తు మిగిలి ఉండాలి. గాలి వెనక నుంచి వీస్తుంటే తెలియకుండానే ఇందులోకి జారతాం. దిగేముందు గాలిగొట్టం ఎటు ఊగుతోందో, అది లేకపోతే పొయ్యి పొగ ఎటు పోతోందో చూడు.

9. ఇంజన్ ఆగితే

2009 సెప్టెంబర్ 2న నల్లమలలో అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలినప్పటి నుంచి, పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "ఇంజన్ ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందటగా?" ఆ రోజు అడవి మీద వాతావరణం బాగాలేదు, అది వేరే కథ. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు: పడదు. పైలట్ చెయ్యి సమయానికి కదిలితే పడదు.

మహాగని గింజ చెట్టు మీద నుంచి రాలేటప్పుడు చూశావా? దానికి ఇంజన్ లేదు. గిరగిరా తిరుగుతూ మెల్లగా దిగుతుంది. ఇంజన్ ఆగగానే రోటర్ దాని నుంచి విడిపోయి స్వేచ్ఛగా తిరుగుతుంది. వెంటనే కలెక్టివ్ పూర్తిగా దించాలి. రెక్కల కోణం తగ్గుతుంది, హెలికాప్టర్ దిగుతుంది, ఇప్పటిదాకా పై నుంచి కిందకు పోయిన గాలి కింద నుంచి పైకి వస్తుంది. రెక్క నడిమి భాగం ఆ గాలి నుంచి తోపు తీసుకుని తిరుగుతుంది. కొన వైపు భాగం ఆ తోపుతో మనల్ని మోస్తుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటాం. ఇంజన్ బలం పోయింది కాబట్టి కుడి కాలు కూడా సడలించాలి, లేకపోతే ముక్కు కుడికి గిర్రున తిరుగుతుంది. కర్రతో ముందుకు వెళ్ళే వేగం కాపాడుకోవాలి. మళ్ళీ మూడూ కలిసే కదలాలి, ఈసారి ఆలోచించే వ్యవధి లేకుండా.

ఇంజన్ ఆగాక మన దగ్గర మిగిలే ఆస్తి మూడు రూపాల్లో ఉంటుంది: ఎత్తు, ముందుకు వెళ్ళే వేగం, రోటర్ వేగం. ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చుకోవచ్చు. ఎత్తు అమ్ముకుని రోటర్ వేగం నిలబెట్టుకుంటూ దిగుతాం. నేల దగ్గర పడ్డాక కర్ర వెనక్కి లాగి ముక్కు ఎత్తుతాం. ముందుకు వెళ్ళే వేగం పోయి రోటర్ వేగం ఇంకాస్త పెరుగుతుంది. ఆఖరున నేల తాకబోయే ముందు కలెక్టివ్ ఎత్తి, రోటర్‌లో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి మెత్తగా దిగుతాం. ఆ ఖర్చు ఒక్కసారే. పది అడుగుల పైన తొందరపడి ఎత్తేస్తే మిగిలిన పది అడుగులకు చేతిలో ఏమీ ఉండదు. ఎత్తూ వేగమూ రెండూ తక్కువగా ఉన్నప్పుడు ఇంజన్ ఆగితే అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. అందుకే మనం నిట్టనిలువుగా పైకి పోకుండా, ముందు వేగం కూడగట్టుకుని తరవాత ఎక్కుతాం.

1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచి పైలట్ లామా హెలికాప్టర్‌ని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళాడు. మన చీతా ఆ లామాయే, హెచ్ఏఎల్ లైసెన్సు తీసుకుని కట్టింది. ఆ ఎత్తులో శక్తి తగ్గించగానే ఇంజన్ ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. 40,000 అడుగుల పై నుంచి నేలదాకా ఇంజన్ లేకుండా, కేవలం రోటర్ మీద దిగి క్షేమంగా నిలబడ్డాడు. మన విద్యార్థులకి భయం వేసిన రోజున ఈ సంగతి చెప్పి, "నువ్వు దిగాల్సింది వెయ్యి అడుగులే" అనేవాణ్ణి.

మొదట్లో నీ ఎడమ చెయ్యి కలెక్టివ్ దించడానికి ఒప్పుకోదు. భూమి పైకి వస్తుంటే మీట కిందకు నొక్కడం ఒంటికి ఎదురు. ఎండ రోజున, సుడి రోజున చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను: లాగమన్నప్పుడల్లా ఆ చెయ్యి భయం మాట చెబుతోంది. రోటర్ తిరుగుతున్నంతసేపు నువ్వు పైలట్‌వి. చప్పుడు వినడం అలవాటు చేసుకో. వేగం పడిపోతే ముల్లు చూపేలోపే రెక్కల శబ్దం బొంగురుపోతుంది.

నీ టీచరు ఏదో ఒక పొద్దున చెప్పకుండా ఇంజన్ తగ్గిస్తారు. కిందకు వచ్చాక, రెక్కలు పూర్తిగా ఆగాక, నాకు ఫోన్ చెయ్యి తల్లీ. భయమేసిందా అని అడగను. కలెక్టివ్ దించేలోపు రోటర్ ముల్లు ఎక్కడిదాకా పడిందో అడుగుతాను. అంకె గుర్తుపెట్టుకుని చెప్పు.